మెడ మెత్తగ, మడిమ గట్టిగ

"నేనే తీసుకెళ్ళమన్నాను" అన్న ఒక్క మాట ఆ రోజు గేటు దగ్గర నేను అనలేదు. అడగాల్సిన మనిషి నన్నే అడిగాడు. ఆ మాట కోసం ఎదురుచూస్తున్న మనిషి నా పక్కనే నిలబడి ఉన్నాడు. నేను ఇంకో మాట అన్నాను. అదేమిటో దాని చోటు వచ్చినప్పుడు చెప్తాను. ముందు ఆ మనిషి ఎలాంటివాడో చెప్పాలి. ఎందుకంటే గల్ఫ్‌లో, ఈ రాస్ అల్ ఖైమాలో ఆయన్ని ఎరిగిన తెలుగువాళ్ళ దగ్గర ఇప్పుడు మిగిలింది ఒక్క ముక్కే: తూటాలు దొంగిలించి దొరికిపోయినాయన.

పేరు రాయను. ఆ పేరు ఇప్పటికే చాలా నోళ్ళలో నానింది. రూములో అందరూ ఆయన్ని "బాపు" అనేవారు. వాళ్ళ జగిత్యాల వైపు తండ్రిని అలా పిలుస్తారట. రూములో అందరికన్నా పెద్ద కాబట్టి ఆయన అందరికీ బాపు అయ్యాడు. నేను మాత్రం "ఏమయ్యా" అనేవాణ్ణి. నాకన్నా బాగా పెద్ద. అయినా మేనేజరుకి ఆ మాట చెల్లుతుందనుకున్నాను. ఆయన కూడా చెల్లనిచ్చాడు.

క్వారీ లారీలు వెళ్ళే దారిలో, కొండల పక్కన ఉండేది మా షూటింగ్ క్లబ్. లైసెన్సున్న వాళ్ళు వచ్చి గురిచూసి కాల్చుకునే చోటు. యజమాని ఇక్కడి ముసలాయన, అర్బాబ్ అనేవాళ్ళం. నేను ముదీర్ని, అంటే మేనేజర్ని. బాపుది ఊడ్చే పని. కాల్చిన తూటాల ఇత్తడి గుల్లలు నేల మీద పడతాయి. హిందీలో వాటిని ఖోకాలంటారు. వాటిని ఏరి, రకాల వారీగా డబ్బాల్లో పోయాలి.

పొద్దున్నే ఆయన గొంతు వినపడిందంటే హాజరు మిషన్ దగ్గర ఉన్నాడని అర్థం. ఆయన వేళ్ళ కొనలు నున్నగా అరిగిపోయి ఉండేవి. మిషన్ వేలిముద్ర తీసుకునేది కాదు. బొటనవేలు పెట్టేవాడు, మిషన్ కూసేది. చూపుడువేలు పెట్టేవాడు, మళ్ళీ కూసేది.

"నీయమ్మ, నిన్న జూసినవ్ కదనే నన్ను! నిన్న గుర్తువట్టి ఇయ్యాల గుర్తువడ్తలేవా? గింత పొగరా!" అని దాన్ని తిట్టి, లాలించి, ఊది, చొక్కాతో తుడిచి, చివరికి నా గది తలుపు దగ్గర నిలబడేవాడు. "సార్, అది నన్ను మనిషంటలేదు. మీరన్న అనుండ్రి."

నేను హాజరు వేసేవాణ్ణి. ఆయన మనిషేనని రోజూ పొద్దున నేనే సాక్ష్యం చెప్పేవాణ్ణన్నమాట.

ఆయనకి ఇంకో అలవాటు. ఏ వస్తువు కనపడినా గోటితో టక్ టక్ మని కొట్టి, తల పక్కకు వంచి వినేవాడు. నీళ్ళ కూలర్, కారు తలుపు, ఖర్జూరాల డబ్బా, ఏదైనా సరే. ఒకసారి నా కాఫీ కప్పుని కొట్టి చూసి, ముఖం చిట్లించి, "పగులువట్టింది సార్. మీకు కనవడ్తలేదు గని లోపల పోయింది. రెండు దినాలల్ల చెయ్యి కాలుతది, పారెయ్యుండ్రి" అన్నాడు. ఆ కప్పు ఇప్పటికీ మా ఇంట్లో బాగానే ఉంది. పగల్లేదని వారం తర్వాత చెప్తే, "గోరు పెరిగింది సార్ గప్పుడు, సప్పుడు తప్పు జెప్పింది" అన్నాడు.

గొప్పలు బాగా చెప్పేవాడు. వాళ్ళు కంచరోళ్ళు, ఇత్తడి బిందెలు చేసిన కుటుంబం. స్టీలూ ప్లాస్టిక్కూ వచ్చి ఆ పని ఆయన చిన్నప్పుడే పోయింది. కానీ తాత చేసిన ఒక బిందె కథ ఆయన దగ్గర పోలేదు. నీళ్ళు పోస్తుంటే అది పాట పాడేదట. నాకు మొదటిసారి చెప్పినప్పుడు ఆ బిందెను ఊరి దొర కొన్నాడు. తర్వాత ఒకసారి తహసీల్దారు భార్య కొనుక్కుంది. అర్బాబ్‌కు చెప్పినప్పుడైతే అది ఏకంగా నిజాం జనానాకే పోయింది. "మొన్న తహసీల్దారు అన్నావు కదయ్యా" అంటే, "ఆమె వాడినంక పోయింది సార్" అనేవాడు తడుముకోకుండా.

ఈ గొప్పలే ఆయన్ని ఖోకాల పనిలోకి దింపాయి.

కరోనా అయిపోయిన కొత్తల్లో బయటి నుంచి తూటాలు రావడం బాగా ఆలస్యమైంది. అర్బాబ్‌కు వాళ్ళ నాన్న నుంచి వచ్చిన పాత రైఫిల్ ఒకటి ఉండేది. దానికి సరిపోయే తూటాలు మామూలు రోజుల్లోనే దొరకవు. అందుకని పేలిన ఖోకాలనే శుభ్రం చేసి, మళ్ళీ మందు నింపి వాడుకునేవాడు. క్లబ్బులో దానికి అనుమతి ఉన్న గది ఉంది. తాళం ఆయన దగ్గరే. ఆ పని మరెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. అయితే ఒకే ఖోకాను పదేపదే కాల్చి, మళ్ళీ నొక్కి సరిచేస్తుంటే ఇత్తడి బిరుసెక్కిపోతుంది. మెడ దగ్గర సన్నగా చిట్లుతుంది. చిట్లకుండా ఉండాలంటే మధ్య మధ్యలో దాన్ని వేడిచేసి మెత్తబరచాలి. నేను ఒక వీడియో చూసి ఈ సంగతి అర్బాబ్‌కు చెప్పాను. ముదీర్‌కు చాలా తెలుసని ఆయన సంతోషించాడు. చేసేదెవరు అన్నప్పుడు, చీపురు పట్టుకుని పక్కనే ఉన్న బాపు అందుకున్నాడు.

"ఇత్తడి మెత్తగ జేసుడా? మా తాత పని సార్ అది. నాకియ్యుండ్రి."

మర్నాడు నవ్వుకుంటూ తెచ్చి ఇచ్చాడు. "పెండ్లిపిల్ల లెక్క మెత్తగైనయి." అర్బాబ్ ఒక ఖోకా తీసి అడుగు భాగాన్ని పట్టకారుతో నొక్కాడు. అది అప్పచ్చిలా అణిగిపోయింది. ఇంకోటి నొక్కాడు. అదీ అంతే.

బిందెకి కాక పట్టించినట్టు బాపు ఖోకాలన్నిటినీ నిలువునా ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాడు. బిందెకయితే అదే పద్ధతి. అంతా మెత్తబడితేనే సుత్తి మాట వింటుంది. ఖోకాకి అలా కాదు. మెడ ఒక్కటే మెత్తబడాలి. అడుగు గట్టిగా ఉండాలి. అడుగు మెత్తబడితే కాల్చినప్పుడు తుపాకీ చేతిలోనే పేలవచ్చు. ఇంత ముఖ్యమైన మాట నేను ఆయనకు చెప్పలేదు. వీడియో చూసిన నాకు అది తెలుసు. ఆయనకు చెప్పాలని తోచలేదు, అంతే.

అర్బాబ్ కోప్పడలేదు. అణిగిన ఖోకాను ఎత్తి చూపిస్తూ, "హాదా ఖుబ్జ్! యే గోలీ నహీ, రోటీ హై" అని పడీపడీ నవ్వాడు. ఆ రోజు నుంచి ఆయన బాపును "ఖుబ్జ్" అని పిలిచేవాడు. రొట్టె అని. బాపు ఆ పేరును బిరుదులా మోశాడు. రూములో చెప్పుకునేవాడట, "అర్బాబ్ నాకు ముద్దు పేరు వెట్టిండు" అని.

తర్వాత నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక దాన్ని సామెత చేసుకున్నాడు. "మెడ మెత్తగ, మడిమ గట్టిగ." ఖోకా అడుగును మడిమ అనేవాడు. ఎక్కడపడితే అక్కడ అదే సామెత. చపాతీ గురించీ అదే, అల్లుడి గురించీ అదే, ఇండియా ఎన్నికల గురించీ అదే. ఒకసారి మా ఆవిడ ఫోనులో నన్ను గట్టిగా మందలిస్తుంటే, నేను "సరే సరే" అంటుంటే, తలుపు దగ్గర నిలబడి విన్నాడు. "మీకు మెడ మంచిగ మెత్తగుంది సార్" అని వెళ్ళిపోయాడు. మడిమ సంగతి అప్పుడు ఏమీ అనలేదు.

క్లబ్బులో ఆ పని కుదరలేదు. మందు ఉన్న గదిలో మంట పెట్టకూడదు. వెనక రేకుల షెడ్డులో పెడితే ఉత్తరపు గాలి మంటను నిలవనిచ్చేది కాదు. పైగా అక్కడ ఎండ. ఇత్తడి రంగు మారడం కనపడాలంటే చీకటి ఉండాలి. ఒకరోజు ఆయన నా గదికి వచ్చి తల గోక్కున్నాడు.

"సార్, రూముకు తీస్కపోత. మా వంటింట్ల కిటికీకి దుప్పటి కడ్త. మాపటికల్ల జేసి పొద్దుగాల తెస్త."

ఖోకా ఒక్కటి కూడా గేటు దాటకూడదన్నది అక్కడి నియమం. ఖాళీదైనా సరే. ఈ దేశంలో అలాంటి వాటితో ఆటలుండవు. అది ఆయనకన్నా నాకే బాగా తెలుసు. కానీ అర్బాబ్ రోజూ అడుగుతున్నాడు. పని అయితే మంచి పేరు నాకే.

"తీసుకెళ్ళు. గేటు దగ్గర నేను చెప్తాలే" అన్నాను.

చెప్పలేదు. పాత కాపలాదారు బాపు అన్నం డబ్బా ఎప్పుడూ తెరిచి చూడలేదు కాబట్టి, చెప్పే అవసరం రాలేదు. రోజూ సాయంత్రం ఆ డబ్బాలో అన్నానికి బదులు ఖోకాలు వెళ్ళేవి. పొద్దున మెత్తబడి తిరిగి వచ్చేవి. ఆయన వల్ల ఒక్కటీ తగ్గలేదు. పని వెనక షెడ్డులోనే జరుగుతోందని అర్బాబ్ అనుకునేవాడు.

ఒక శుక్రవారం సాయంత్రం నేను వాళ్ళ రూముకు వెళ్ళాను. పాత విల్లా. ఒక్కో గదిలో ఒక కుటుంబానికి సరిపడా మనుషులు. వంటింటి కిటికీకి దుప్పటి కట్టి, లైటు తీసేసి, బాపు పొయ్యి ముందు కూర్చున్నాడు. చిన్న మంట పెట్టుకుని, ఖోకాని అడుగు పట్టుకుని, మెడను మంటలో నెమ్మదిగా తిప్పుతున్నాడు. వట్టి వేళ్ళతో.

"పట్టకారు పెట్టుకోవచ్చు కదయ్యా?"

"పట్కారకు ఏం తెలుస్తది సార్? ఏలు ఓర్సుకున్నంత సేపు మడిమకు ఏం గాదు. ఏలు ఓర్వకపాయెనంటే ఇడిసిపెట్టాలె. గంతే."

మెడ మీద గోధుమ రంగు నీలంలోకి జారింది. ఆయన "హా" అని వదిలేశాడు. ఖోకా నీళ్ళ గిన్నెలో చుయ్ మంది. వేళ్ళు నోట్లో పెట్టుకుని చప్పరించి, తర్వాతది అందుకున్నాడు. హాజరు మిషన్ ఆయన్ని ఎందుకు గుర్తుపట్టేది కాదో నాకు అప్పుడు అర్థమైంది.

వెనక నుంచి ఒక గొంతు. "ఓ బాపూ, నీ పెండ్లిపిల్లల సింగారం అయిపోయిందా లేదా? నా కూర మాడుతుంది, లైటెయ్యి!" అది ఆయన రూమ్మేటు, ఏసీ మెకానిక్. నలభై దాటని మనిషి, ఎప్పుడూ ఆకలితో ఉండేవాడు.

"మాడని తియ్. నీ కూర మాడినా మాడకున్నా రుసి ఒక్కటే" అన్నాడు బాపు, తల తిప్పకుండానే.

వచ్చేటప్పుడు నా చేతిలో ఒక ఖోకా పెట్టాడు. మెడ చుట్టూ నీలి గీత, దాని కింద గోధుమ రంగు, కింద పసుపు. "గిట్లుండాలె సార్. ఎవలన్న అడిగితే ఇది సూపెట్టుండ్రి. నమూనా." దాన్ని జేబులో వేసుకుని ఇంటికి వెళ్ళాను. తర్వాత తిరిగి క్లబ్బుకు తీసుకెళ్ళలేదు.

పాత కాపలాదారు సెలవు మీద ఊరు వెళ్ళాడు. కొత్తవాడు వచ్చాడు. కుర్రతనం, కొత్త బూట్లు, కొత్త భయం. బాపును ఆపి డబ్బా తెరవమన్నాడు. గుడ్డ తీస్తే ఖోకాలు. సరిగ్గా అదే సమయానికి అర్బాబ్ కారు గేటులోకి వచ్చింది. నేను గోల విని కిందికి దిగాను.

అర్బాబ్ కారు దిగి డబ్బాలోకి చూశాడు. ముఖం ఎర్రబడలేదు. పాలిపోయింది. ఆయనకు కోపం కన్నా భయం వేసింది. క్లబ్బు లైసెన్సు ఆయన పేరు మీద ఉంది. "యే బాహర్ కైసే జాతా?" అన్నాడు. బయటికి ఎలా వెళ్తున్నాయి అని. బాపు తల తిప్పి నా వైపు చూశాడు. పొద్దున మిషన్ కూసినప్పుడు నా తలుపు దగ్గర నిలబడి చూసే చూపే. కొంచెం నవ్వు కూడా ఉంది అందులో. ఇప్పుడు సార్ చెప్తాడు, అయిపోతుంది, అన్న నవ్వు.

ఆ చూపును అర్బాబ్ కూడా చూశాడు. నా వైపు తిరిగాడు. "ముదీర్, తుమ్కో మాలూమ్ హై?" నీకు తెలుసా, అని.

నా కళ్ళ ముందు మా అమ్మాయి కనపడింది. ఇంటర్ చివరి సంవత్సరం. ఇక్కడి బడి. పోలీసులు, జైలు, అందరం బట్టలూ పెట్టెలూ సర్దుకుని వెళ్ళిపోవడం కనపడింది. ఇవి సాకులని చెప్పడం లేదు. నిజంగానే కనపడ్డాయి. కానీ పక్కన నిలబడిన మనిషికి కూడా ఒక అమ్మాయి ఉందని నాకు తెలుసు. ఆమె కనపడలేదు.

"మై దేఖ్తా హూఁ, అర్బాబ్" అన్నాను. నేను కనుక్కుంటాను, అని.

అబద్ధం కూడా కాదది. ఆఫీసుల్లో రోజూ వాడే మాట. దొంగ ఎవరో నాకు తెలియదనీ, తెలుసుకుని శిక్షిస్తాననీ, నేను ఇందులో లేననీ ఆ ఒక్క మాటే చెప్పేసింది.

బాపు ముఖంలో ఆ నవ్వు వెంటనే పోలేదు. ఇంకా కాసేపు ఉంది. నేను ఇంకో మాట అంటాననుకున్నాడేమో. తర్వాత తల దించుకుని, డబ్బా మూతను గోటితో టక్ టక్ మని కొట్టాడు. ఎందుకు కొట్టాడో ఆయనకే తెలియదేమో. నా పేరు మాత్రం చెప్పలేదు. అప్పుడే కాదు, ఎప్పుడూ చెప్పలేదు.

అర్బాబ్ పోలీసులకు చెప్పలేదు. అదే దయ అని అందరూ అన్నారు. "ఖలాస్. ఘర్ భేజో" అన్నాడు. అయిపోయింది, ఇంటికి పంపెయ్, అని. వీసా రద్దు కాగితాల పని ముదీర్ కాబట్టి నేనే చూశాను. వెళ్ళే ముందు రోజు బాపు నా గదికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, నౌకరి పోతే పాయె. ఒక్కటి జెయ్యుండ్రి. రూమోళ్ళు నన్ను దొంగ అనుకుంటున్నరు. నేను జెప్తే నమ్మరు. మీరు ఒక్కసారొచ్చి ఒక్క మాట జెప్పుండ్రి."

"వస్తాను. తప్పకుండా వస్తాను" అన్నాను.

వెళ్ళలేదు.

తర్వాత సంవత్సరాలు గడిచాయి. మా అమ్మాయి బడి చదువు అయింది, ఇండియాలో కాలేజీలో చేరింది. మేము ఇల్లు మారాం. ఆ ఖోకా మాతో పాటే మారింది. మా ఆవిడ దాన్ని దేవుడి అరలో పెట్టింది. అగరొత్తి గుచ్చడానికి సరిగ్గా సరిపోయిందట. అడుగు బరువుగా ఉంటుంది కాబట్టి పడిపోదు. ఏ ఇత్తడి కోసం ఒక మనిషిని దొంగని చేశారో, ఆ ఇత్తడి మా ఇంట్లో రోజూ పొద్దున దేవుడి ముందు పొగ వేస్తుండేది. నా జేబును ఎవరూ వెతకలేదు. ముదీర్ జేబును ఎవరు వెతుకుతారు?

ఈ వేసవిలో మా ఇంట్లో ఏసీ పాడైంది. కంపెనీకి ఫోన్ చేస్తే వచ్చింది ఆ పాత రూమ్మేటే. నన్ను గుర్తుపట్టి నమస్తే పెట్టాడు. ఏసీ విప్పుతూ కబుర్లు చెప్పాడు. ఆకలి మాత్రం తగ్గలేదు, మా ఆవిడ పెట్టిన మామిడికాయ పప్పు రెండుసార్లు వేయించుకున్నాడు. చేతులు కడుక్కుని వస్తూ దేవుడి అర దగ్గర ఆగిపోయాడు.

"సార్, గిది మా బాపు కాల్సిన ఖోకా గదా?"

నేను ఏసీ రిమోట్ అందుకుని నొక్కాను.

"నీలి గీత జూడుండ్రి. గది ఆయన చెయ్యే. దీనికే గదా సార్ ఆయన్ను ఎల్లగొట్టింది? మీ ఇంట్లకు ఎట్లొచ్చింది?" ఆ అడగడంలో నింద లేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. అదే నన్ను చంపేసింది.

"ఆయన ఎలా ఉన్నాడు?" అన్నాను, ప్రశ్నకు ప్రశ్నతో తప్పించుకుంటూ.

"ఉన్నడు. ఇటుక బట్టీల పని. ఊళ్ళె ఎవలదన్న ఏమన్న పోయిందంటే, బాపు డబ్బా జూడుండ్రి అని నవ్వుతరు. ఉత్తగనే, పరాష్కానికి. మేం గూడ ఇక్కడ గట్లనే అంటుంటిమి." కొంచెం ఆగి అన్నాడు. "ఆయనిప్పుడు డబ్బ తీస్కపోడు సార్. అన్నం ప్లాస్టిక్ కవర్ల కట్టుకుంటడు. లోపలిది అందరికి కనవడాలె అని."

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. "ఏ ఖోకా? ఏం దొంగతనం?" అంది. ఇన్నేళ్ళలో ఆమెకు కూడా చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. కూర్చుని చెప్పాను, ఇద్దరికీ. మెకానిక్ పనిముట్లు సర్దుకుంటూ విన్నాడు. సర్దడం అయ్యాక కూడా లేవలేదు. మా ఆవిడ అరలోంచి అగరొత్తి తీసి పక్కన పెట్టి, ఖోకాను తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టింది. "ఇది ఇక దేవుడి దగ్గర పెట్టలేను" అంది.

మెకానిక్ తన ఫోనులో నంబరు కలిపి ఇచ్చాడు. ఎత్తగానే అదే గొంతు. "చెప్పురా, మల్ల కూర మాడ్సినవా?"

నేనని చెప్పాను. నేను దాచిపెట్టుకున్నదంతా ఒక్క ఊపులో చెప్పేశాను. తప్పు నాదని, క్షమించమని. మాటలు వేగంగా వచ్చాయి. ఎప్పటి నుంచో లోపల తయారుగా ఉన్నట్టున్నాయి. చెప్పేసి, తేలికపడదామని ఎదురుచూశాను. ఫోనులో టక్ టక్ మని చప్పుడు వినిపించింది. దేన్నో గోటితో కొడుతున్నాడు.

"నా చెవుల ఎందుకు సార్ చెప్తున్నరు?" అన్నాడు. "నాకు తెల్వందా ఇది?"

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"ఆ దినం నేను మీ పేరు చెప్పలేనా? చెప్తే ఏమైతది? పనోడు సార్ మీదికి నెట్టిండంటరు. నేను చెప్తే అది చాడీ. మీరు చెప్తే సాక్ష్యం. అందుకే మీ మొఖం జూసిన." మళ్ళీ టక్ టక్. "యాడ చెప్పకపోతిరో ఆడ చెప్పుండ్రి. నా నౌకరి నాకొద్దు, ఈ వయసుల ఏం జేస్కోను. నా పేరు నాకియ్యుండ్రి."

ఫోన్ పెట్టేశాడు.

ఆ మాట విన్న తర్వాత కూడా నేను వారం రోజులు తాత్సారం చేశాను. అర్బాబ్ ఆరోగ్యం బాగాలేదు, ఇప్పుడెందుకు అనుకున్నాను. పాత విషయం, ఎవరికి గుర్తుంటుంది అనుకున్నాను. బాపు సామెత రెండో ముక్క ఎవరి కోసమో ఆ వారంలో బాగా తెలిసొచ్చింది. ఖోకా మాత్రం బల్ల మీదే ఉంది. మా ఆవిడ దాన్ని తీయలేదు. భోజనం పెట్టేటప్పుడు దాని చుట్టూ కంచాలు సర్దేది.

చివరికి ఒక సాయంత్రం, పని వదిలే వేళ, మెకానిక్‌నూ అతని రూములో మిగిలిన ఇద్దరినీ గేటు దగ్గరికి రమ్మన్నాను. ఒకప్పటి కొత్త కాపలాదారు ఇప్పుడు పాతవాడయ్యాడు. అతన్నీ ఆగమన్నాను. అర్బాబ్ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. సాయంత్రం మాత్రం ఒక్కసారి వచ్చి, కాల్చకపోయినా కాసేపు కూర్చుని వెళ్తాడు. ఆయన కారు ఆగింది. మెకానిక్ వీడియో కాల్ కలిపి ఫోనును ఎత్తి పట్టుకున్నాడు. తెరలో బాపు ఇటుకల వరుస ముందు నిలబడి ఉన్నాడు. తలకు తువ్వాలు. గడ్డం పూర్తిగా తెల్లబడింది. పక్కన ఇంకెవరో ఇద్దరు ముగ్గురు తొంగిచూస్తున్నారు. పిలిచి నిలబెట్టుకున్నట్టున్నాడు.

నేను జేబులోంచి ఖోకా తీసి అర్బాబ్ చేతిలో పెట్టాను. "ఇది మా ఇంట్లో ఉంది అర్బాబ్. ఇన్నేళ్ళూ" అన్నాను, నాకొచ్చిన హిందీలో. ఆయన దాన్ని వెలుతురులో తిప్పి చూశాడు. నీలి గీత మీద వేలు రాశాడు. "ఖుబ్జ్ కా కామ్" అన్నాడు, ఎక్కడో దూరంగా చూస్తూ. తర్వాత నా ముఖంలోకి చూశాడు.

చెప్పాను. తీసుకెళ్ళమన్నది నేనేనని. గేటు దగ్గర చెప్తానని చెప్పి చెప్పలేదని. ఆ రోజు ఆయన అడిగినప్పుడు నాకు తెలుసని. ఆ మనిషి ఒక్కటీ దొంగిలించలేదని, దొంగిలించింది ఏదైనా ఉంటే అది ఇదిగో, ఇన్నాళ్ళూ నా ఇంట్లో ఉందని. కాపలాదారు నేల చూపులు చూశాడు. క్వారీ లారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయింది.

అర్బాబ్ కోప్పడతాడనుకున్నాను. ఉద్యోగం పోవడానికి సిద్ధపడే వచ్చాను, అది తర్వాత పోయింది కూడా. కానీ ఆ క్షణంలో ఆయన కర్ర ఎత్తి ఫోను వైపు చూపించాడు.

"ముజ్కో నహీ. ఉస్కో బోలో." నాకు కాదు, అతనికి చెప్పు, అని.

ఫోను వైపు తిరిగాను. తెరలో ఆయన తల పక్కకు వంచి ఉంది, ఏదో వస్తువును కొట్టి చప్పుడు వింటున్నప్పుడు ఉండేలా. చుట్టూ ఉన్న అందరికీ వినపడేటట్టు, తెలుగులో, గట్టిగా అన్నాను.

"బాపూ, ఆ ఖోకాలు తీసుకెళ్ళమన్నది నేను. మీరు దొంగ కాదు. ఆ రోజు ఇక్కడే, ఈ గేటు దగ్గరే, మీరు నా ముఖం చూశారు, నేను నోరు తెరవలేదు. తప్పు నాది. నన్ను క్షమించండి."